190 పెంకులు, 14 చేతిరాతలు

“ప్రజాస్వామ్యాన్ని గ్రీకులే కనిపెట్టారా? మన ఎన్నికలు వాళ్ల నుంచి వచ్చినవేనా?” అని అడిగారు. మొదటిదానికి చరిత్ర మాస్టార్లు జవాబు చెబుతారు. రెండోదానికి నేను చెబుతాను: కాదు. నేను లెక్కల మాస్టారిని. తొమ్మిది ఎన్నికల్లో డ్యూటీ చేశాను, దోమల మధ్య బడి బల్లల మీద పడుకున్నాను, రావలసిన భత్యం కోసం నెలల తరబడి తిరిగాను. ఈ విషయంలో ఆ మాత్రం మాట్లాడే హక్కు నాకుంది.

జర్మనీలో చదువుతున్న మా అమ్మాయి ఒక వేసవి సెలవుల్లో మమ్మల్ని ఏథెన్స్‌కు తీసుకెళ్లింది. వెళ్లివచ్చిన వాళ్లందరూ అక్రోపోలిస్ అనే కొండకోట గురించే చెబుతారు. నాకు అక్కడ గుర్తున్నదల్లా నున్నబడిన పాలరాయి మీద జారిన కాళ్లు, మా ఆవిడ సణుగుడు. అసలు చూడవలసింది కొండ కింద, అగోరాలో ఉంది. సంతా, కచేరీలూ, కోర్టులూ అన్నీ ఒకప్పుడు అక్కడే. అక్కడి మ్యూజియంలో ఒక అద్దాల బీరువాలో పగిలిన కుండ పెంకులు పేర్చారు. ప్రతి పెంకు మీదా గీకిన పేరు.

అవి ఓటు చీటీలు. కాకపోతే గెలిపించడానికి కాదు, వెళ్లగొట్టడానికి. ఈ ఏడు ఎవరినైనా ఊరు దాటిద్దామా అని పౌరులు ముందు తేల్చుకునేవారు. సరే అనుకుంటే, మరో రోజు గిట్టనివాడి పేరు పెంకు మీద గీకి తెచ్చి వేసేవారు. మొత్తం ఆరు వేల పెంకులు పడితే, ఎక్కువ పెంకులు ఎవరి పేరున ఉంటే వాడు పదేళ్లు ఊరు వదలాలి. నేరం మోపేది లేదు, ఆస్తి లాక్కునేది లేదు.

ఆ బీరువాలో చాలా పెంకుల మీద ఒకే పేరు, థెమిస్టోక్లీస్. నాకు గ్రీకు రాదు, కానీ తీటా లేకుండా త్రికోణమితి ఎలా చెబుతాం? ఆ పేరు మొదలయ్యేది ఆ అక్షరంతోనే, దాన్ని పట్టుకుని వెతికాను. ముప్పై ఏళ్లు జవాబు పత్రాలు దిద్దిన కళ్లు ఊరుకోవు. రెండు పెంకుల మీద రాత ఒకే వాలుగా, ఒకే ఒత్తుతో ఉంది. “అమ్మలూ, ఇవి రెండూ ఒకడే రాశాడు” అన్నాను. “ఇక్కడ కూడా కాపీలు పట్టుకుంటారా నాన్నా?” అని నవ్వింది. తర్వాత ఫోనులో వెతికి, నవ్వు ఆపేసింది. అక్రోపోలిస్ ఉత్తరపు వాలులో ఒక పాత బావిలో ఈ పేరుతోనే సుమారు 190 పెంకులు దొరికాయట. అన్నీ కలిపి రాసింది 14 మంది! పంచిపెట్టడానికి ముందే రాసి ఉంచిన సరుకన్నమాట. మన దగ్గర పోలింగు ముందు రోజు రాత్రి జరిగే పంపకాలకు ఇరవై అయిదు వందల ఏళ్ల నాటి అన్నలు.

ఆ థెమిస్టోక్లీస్ ఎవరనుకున్నారు? క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళాన్ని చిత్తు చేయించి ఏథెన్స్‌ను నిలబెట్టినవాడు. పదేళ్లు అటూ ఇటూగా అదే ఊరు అతన్ని తరిమింది. చివరికి పర్షియా రాజు పంచనే చేరాడు.

ఓటుకు ఈ గతి పడుతుందని తెలిసే కాబోలు, వాళ్లు చాలా పదవులకు ఓటు మాని లాటరీ చీటీలే వేశారు. సేనాధిపతుల వంటి కొద్దిమందికే ఎన్నిక. 500 మంది మండలి అంతా లాటరీయే. అందులో రోజుకొకడు అధ్యక్షుడు. ఖజానా తాళాలు, రాజముద్ర ఆ ఒక్క పగలూ రాత్రీ అతని దగ్గర ఉంటాయి, జన్మకు ఒకేసారి. కోర్టులో తీర్పు చెప్పే మనుషులను లాటరీలో తీసే రాతి యంత్రం ముక్క కూడా ఆ మ్యూజియంలోనే ఉంది. బండ మీద వరసలుగా సన్నటి గాళ్లు, వాటిలో పేర్లు చెక్కిన రేకులు పెడతారు. పక్క గొట్టంలోంచి తెల్ల గోళీ పడితే ఆ వరస మొత్తం లోపలికి, నల్లది పడితే ఇంటికి. ఏ కేసుకు ఎవరు కూర్చుంటారో ముందు తెలియదు కాబట్టి లంచం ఎవరికివ్వాలో తెలియదు. ఆడవాళ్లకు, బానిసలకు, బయటి ఊళ్లవారికి ఆ రేకే లేదనుకోండి. దాని గురించి మా ఆవిడ హోటలుకు చేరేదాకా మాట్లాడింది.

తిరిగొచ్చాక, రిటైరయ్యే ముందు ఏడాది, తొమ్మిదో తరగతికి లీడరును చీటీలు వేసి తీశాను. హెడ్మాస్టరు గారికి నచ్చలేదు. చివరి బెంచీలో కూర్చునే, నోరు విప్పని పిల్ల పేరు వచ్చింది. ఆ ఏడాదంతా ఆ తరగతిలో సుద్దముక్కలకు ఒక్క రోజు కూడా కొరత రాలేదు.