పాత స్పిరిట్ స్టవ్: తోమండి, బెజ్జాల జోలికి మాత్రం పోకండి

క్యాంపింగ్‌కి వాడే పాత స్పిరిట్ స్టవ్‌ల మీద ఈసారి ఉత్తరాలు చాలానే వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: ట్రాంజియా కంపెనీవారి పాత ఇత్తడి బర్నర్ ఒకటి దొరికింది. లోపలంతా నలుపు, అంచుల్లో పచ్చటి చిలుము. గరుకు కాగితంతో రుద్దేయమంటారా?

జవాబు: వద్దు. గీతలు పడతాయి, రాలిన పొడి వెళ్లి మంట వచ్చే బెజ్జాల్లో కూర్చుంటుంది. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కరిగించి, బర్నర్‌ని పావుగంట నానబెట్టండి. పాత టూత్‌బ్రష్‌తో తోమితే చిలుము వదిలిపోతుంది. పక్కనే ఉండి చూసుకోండి. ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతోందంటే పులుపు అందులోని జింకును తినేస్తోందన్నమాట, వెంటనే తీసేయండి. తర్వాత వంటసోడా నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో ఒకసారి కడగండి. లోపల పాలిష్ పూయకండి. తళతళలాడించాలన్న కోరిక ఉంటే బయటి గోడతో సరిపెట్టుకోండి. నాకైతే ఆ ముదురు రంగే ఇష్టం.

పై అంచు బెజ్జాల్లోకి వాటికంటే సన్నటి తీగను మెల్లగా పంపి చూడండి. సూది గుచ్చి తిప్పితే బెజ్జం పెద్దదవుతుంది. చివరగా బర్నర్‌లో నీళ్లు పోసి రాత్రంతా పొడి కాగితం మీద ఉంచండి. తెల్లారేసరికి కాగితం మీద చెమ్మ లేకపోతే అతుకులు గట్టిగా ఉన్నట్టే. అప్పుడు స్పిరిట్ పోయండి.

ప్రశ్న: మంట చాలడం లేదు. బెజ్జాలను డ్రిల్‌తో కొంచెం పెద్దవి చేస్తే?

జవాబు: ఎక్కువమంది అడిగింది ఇదే. ఒక్కమాటలో చెప్పాలంటే, చేయకండి. ఎందుకో చెబుతాను.

ఆ బర్నర్‌కి రెండు గోడలుంటాయి. మీరు మధ్యలో పోసిన స్పిరిట్ అడుగునుంచి ఆ రెండు గోడల సందులోకి కూడా చేరుతుంది. వెలిగించగానే ముందు మధ్యలోనిదే మండుతుంది, సోమరిగా. కాసేపటికి గోడలు వేడెక్కి, సందులోని స్పిరిట్ మరగడం మొదలవుతుంది. స్పిరిట్‌లో ముఖ్యంగా ఉండేది ఇథనాల్ అనే ఆల్కహాల్, అది మరగడానికి 78 డిగ్రీలు చాలు. ఆ ఆవిరి బయటికి పోవడానికి అంచు బెజ్జాలే దారి. సన్నటి దారి గనక విసురుగా వస్తుంది, వస్తూ చుట్టూ ఉన్న గాలిని తనతో లాక్కుంటుంది. నీలి మంట రహస్యం ఆ విసురులోనే ఉంది. బెజ్జం పెద్దదైతే విసురు పోతుంది, గాలి సరిగా కలవదు, మంట పసుపెక్కి పొడుగ్గా ఊగుతుంది. చూడ్డానికి పెద్ద మంటే. గిన్నెకు అందే వేడి మాత్రం పెరగదు, స్పిరిట్ తొందరగా ఖాళీ అవుతుంది. పైగా డ్రిల్ పెట్టిన బెజ్జాన్ని మళ్లీ చిన్నది చేయలేం.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. గ్రాము ఇథనాల్‌లో సుమారు 27 కిలోజౌళ్ల వేడి ఉంటే, కిరోసిన్‌లో 43 దాకా ఉంటుంది. ఎంత మార్చినా స్పిరిట్ స్టవ్ కిరోసిన్ స్టవ్ అవదు. గాలి తగలకుండా చూసుకుంటే లీటరు నీళ్లు పది నిమిషాల అటూ ఇటూలో మరుగుతాయి. అంతకంటే వేగం కావాలంటే వేరే స్టవ్ చూసుకోండి.

మార్పులు చేయాలని చేతులు దురద పెడుతుంటే బర్నర్ బయట చేయండి. ట్రాంజియా కంపెనీ స్వీడన్‌లో 1925లో మొదలైంది. గాలి తెరతో కలిపి సెట్టుగా స్టవ్ తెచ్చింది మాత్రం 1951లో. ఆ సెట్టు గొప్పతనంలో సగం తెరదే. పల్చటి అల్యూమినియం రేకుతో గిన్నె చుట్టూ వేలు దూరేంత సందు వదిలి తెర చేసుకోండి, అడుగున గాలి రావడానికి వరసగా బెజ్జాలు పెట్టండి. డ్రిల్ సరదా అక్కడ తీర్చుకోవచ్చు. తర్వాత స్టాండు ఎత్తు. గిన్నె మరీ దగ్గరైతే మంట ఊపిరాడక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువ వస్తుంది, మరీ ఎత్తైతే వేడి పక్కలనుంచి జారిపోతుంది. రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తుతో మొదలుపెట్టి, నీలి మంట కొసలు గిన్నె అడుగుకు తాకీతాకనట్టు ఉండే చోట ఖాయం చేయండి. ఎక్కడ వెలిగించినా ఆరుబయటే. టెంటు లోపల వద్దు.

ప్రశ్న: మూత బిగించినా సంచిలో స్పిరిట్ కారుతోంది.

జవాబు: మూతలోని రబ్బరు రింగు ఎండిపోయి ఉంటుంది. ఈపీడీఎం రబ్బరు రింగు వేయండి, ఆల్కహాల్‌ని బాగా తట్టుకుంటుంది. ఇకమీదట వేడి బర్నర్ మీద ఆ మూత పెట్టకండి. ఆర్పడానికి మంట తగ్గించే రెండో మూతను, అంటే రబ్బరు రింగు లేనిదాన్ని వాడాలి.

ప్రశ్న: ఏ స్పిరిట్ మంచిది? గిన్నె అడుగంతా మసి.

జవాబు: ఇథనాల్ ఎక్కువగా ఉండే డినేచర్డ్ స్పిరిట్, అంటే తాగడానికి పనికిరాకుండా చేసిన స్పిరిట్. మసి తగ్గాలంటే పది వంతుల స్పిరిట్‌కి ఒక వంతు నీళ్లు కలపండి. గాయాలు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోస్తే మసి ఇంకా పెరుగుతుంది. మిథనాల్ అనే ఇంకో రకం ఆల్కహాల్ శుభ్రంగానే మండుతుంది గానీ విషం. ఆవిరి పీల్చినా, చర్మానికి తగిలినా ఒంట్లోకి వెళ్తుంది, చూపు పోగొడుతుంది. నేనైతే ఇంట్లోకే రానివ్వను.

ప్రశ్న: ఎండలో మంట కనబడడం లేదు. చిటికెడు ఉప్పు వేస్తే కనబడుతుందట, నిజమేనా?

జవాబు: ఉప్పులోని సోడియం వల్ల మంటకు పసుపు రంగు వచ్చే మాట నిజమే. కానీ స్పిరిట్ ఆవిరైపోయాక ఉప్పు బర్నర్‌లోనే మిగులుతుంది, బెజ్జాలు పూడుకుపోతాయి, ఇత్తడి పాడవుతుంది. మంట ఉందో లేదో నీడపట్టున చూడండి, లేదా బాగా ఎత్తులో అరచెయ్యి పెట్టి చూడండి. ఆరిపోయిందనుకుని సీసా వంచి పోశారంటే ధార వెంబడి మంట సీసాలోకి ఎక్కేస్తుంది. బర్నర్‌ని చేత్తో పట్టుకోగలిగేంత చల్లారనివ్వండి, చిన్న కప్పులోకి వంపుకుని పోయండి, సీసా దూరంగా పెట్టి అప్పుడు వెలిగించండి. ఆకలేస్తోందని ఇందులో ఒక్క మెట్టు కూడా దాటేయొద్దు.

ప్రశ్న: మా తాతగారి స్టవ్‌లో తెల్లటి పీచులాంటిది కుక్కి ఉంది. తీసి కొత్త దూది పెట్టాలా?

జవాబు: పాత స్టవ్‌ల్లో వత్తిగా ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే ఖనిజపు పీచు) వాడినవి ఉన్నాయి. కంటితో చూసి తేల్చలేం. అందుకని అదేనని అనుకోవడమే మేలు. పొడిగా ఉన్నదాన్ని గీకకండి, ఊదకండి, వెలిగించకండి. ప్లాస్టిక్ సంచిలో మూసి అలమరాలో పెట్టండి. తాతగారి గుర్తుగా ఉంటుంది.

ప్రశ్న: అతుకు దగ్గర కారుతోంది. మామూలు టంకం పెట్టొచ్చా?

జవాబు: లోపల స్పిరిట్ ఉన్నంతసేపూ అతుకు పెద్దగా వేడెక్కదు, టంకం నిలుస్తుంది. చివరి చుక్క అయిపోయాక గోడ వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. తగరం, సీసం కలిపిన టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలెడుతుంది. అందుకని చెయ్యి తిరిగిన మనిషితో వెండి టంకం పెట్టించండి, దానికి 600 డిగ్రీలు దాటాలి. ఇచ్చేముందు బర్నర్‌ని నీళ్లతో బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టండి. లోపల స్పిరిట్ ఆవిరి మిగిలి ఉండగా టార్చి పెడితే పేలుతుంది.