గడ్డం తీయనన్నందుకు బదిలీ: గడువు ఏ రోజు నుంచి లెక్క?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని సిఖ్ ఛావునీ. 1832లో మహారాజా రంజిత్ సింగ్ సైన్యం నుంచి నిజాం కొలువుకు వచ్చిన దక్కనీ సిక్కు కుటుంబాలలో మాదొకటి. ఇంట్లో పంజాబీ కంటే తెలుగే ఎక్కువ మాట్లాడతాం. 2019లో నాందేడ్ హజూర్ సాహిబ్‌లో అమృతం స్వీకరించాను, అంటే సిక్కు దీక్ష తీసుకున్నాను; ఆ తర్వాత వెంట్రుకలు కత్తిరించకూడదు. ప్రస్తుతం హెచ్-1బి వీసాపై న్యూజెర్సీలోని ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. 2024 జనవరి 16న మేనేజర్ నన్ను పిలిచి, పొడి మందులు తూచే గదిలోకి వెళ్లేవారంతా ముఖానికి బిగుతుగా అతుక్కునే మాస్కు పెట్టుకోవాలని, గడ్డం తీయకపోతే ఫిబ్రవరి 5 నుంచి రికార్డుల గదికి వెళ్లాలని రాసిన కాగితం ఇచ్చారు. జీతం తగ్గలేదు కానీ నా చదువుకు తగిన పని లేకుండా పోయింది. హెచ్‌ఆర్‌కు చేసిన అప్పీలును ఆగస్టు 9న తోసిపుచ్చారు. గురుద్వారాలో 140 మంది సంతకాలతో వినతిపత్రం కూడా ఇచ్చాం. చర్మ వైద్యుడి సర్టిఫికెట్ పెడితే గడ్డం ఉంచుకోనిస్తారని మా బావ అంటున్నాడు. నాకు న్యాయం జరుగుతుందా? (ఒక పాఠకుడు, న్యూజెర్సీ, 2024 సెప్టెంబరు 20)

జవాబు: మీరు రాసిన ఏడు పేజీల ఉత్తరంలో మీ తాతగారి తలపాగా గురించి, 2001 సెప్టెంబరు 15న ఆరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును చంపిన నాటి నుంచి మీవాళ్లు అమెరికాలో పడుతున్న భయం గురించి, మేనేజర్ మాట్లాడిన తీరు గురించి ఆరు పేజీలున్నాయి. వాటిలో అబద్ధం ఉందని నేననడం లేదు. అయితే మీ కేసును నిలబెట్టేవి, పడగొట్టేవి అందులో రెండే వాక్యాలు. మొదటిది జనవరి 16 అన్న తేదీ. రెండోది అయిదో పేజీ చివర మీరు యథాలాపంగా రాసి వదిలేసిన మాట: షేవింగ్ చేస్తే ముఖమంతా పొక్కులు వచ్చే ఒక సహోద్యోగికి అదే గదిలోకి వెళ్లేందుకు గాలి పంపే బ్లోయర్ ఉన్న వదులు ముసుగు, అంటే హుడ్, ఇచ్చారన్నది.

ముందు తేదీ సంగతి. ఆగస్టు 9న అప్పీలు కొట్టేశారు కాబట్టి వివక్షపై ఫిర్యాదు వేసే గడువు ఆ రోజు నుంచి మొదలవుతుందని, ఇంకా చాలా సమయం ఉందని మీరు ధీమాగా రాశారు. అది పొరపాటు. మీకు ప్రతికూలమైన నిర్ణయాన్ని మీకు తెలియజేసిన రోజు నుంచే గడువు లెక్క మొదలవుతుంది. అది అమలైన ఫిబ్రవరి 5 కూడా కాదు, అప్పీలు ముగిసిన ఆగస్టు 9 అసలే కాదు. 1980లో డెలావేర్ స్టేట్ కాలేజీ వర్సెస్ రిక్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ మాటనే తేల్చి చెప్పింది. ఆ అధ్యాపకుడు కూడా ఉద్యోగం ముగిసిన రోజు నుంచి లెక్క వేసుకున్నాడు, లోపల ఫిర్యాదు నడుస్తోందని నమ్ముకున్నాడు, చివరికి కాలదోషం పట్టి ఓడిపోయాడు.

న్యూజెర్సీలో ఈ వివక్షపై సమాన ఉపాధి అవకాశాల కమిషన్, అంటే ఈఈఓసీ, ముందు ఫిర్యాదు వేయడానికి 300 రోజుల గడువుంది. జనవరి 17ను ఒకటో రోజుగా లెక్కపెడితే నవంబరు 11 మూడు వందలో రోజు. ఆ రోజు వెటరన్స్ డే సెలవు కనుక గడువు మరునాటికి జరుగుతుంది. కానీ అలా జరిగే ఒక్క రోజును నమ్ముకుని కూర్చునే కక్షిదారును నేను దగ్గరికి రానివ్వను. రాష్ట్ర పౌరహక్కుల విభాగం ముందు ఫిర్యాదుకు ఉండే 180 రోజులు జులై నెల మధ్యలోనే గడిచిపోయాయి. ఆ సమయంలో మీరేం చేస్తున్నారు? సంతకాలు సేకరిస్తున్నారు. ఆ 140 సంతకాలలో ఒక్కరైనా ఆ మేనేజర్ గదిలో ఉన్నవారు కారు, ఆ మాస్కును చూసినవారు కారు. అది సంఘీభావమే తప్ప సాక్ష్యం కాదు. రాష్ట్ర వివక్ష నిరోధక చట్టం కింద నేరుగా రాష్ట్ర కోర్టులో దావా వేయడానికి రెండేళ్ల గడువున్నది నిజమే, అంటే 2026 జనవరి దాకా ఆ దారి తెరిచే ఉంటుంది. అయితే దాన్ని తలకింద దిండుగా పెట్టుకుని ఫెడరల్ హక్కును వదులుకోవడం తెలివైన పని కాదు.

ఇక హుడ్ సంగతి. మీ మేనేజర్ చెప్పినదాంట్లో సగం నిజముంది. ముఖానికి అతుక్కునే మాస్కు అంచుకూ చర్మానికీ మధ్య వెంట్రుకలు ఉండకూడదన్నది ఫెడరల్ భద్రతా నిబంధనే. 1984లో భాటియా వర్సెస్ షెవ్రాన్ కేసులో ఒక సిక్కు మెషినిస్టు సరిగ్గా ఈ మాస్కు దగ్గరే ఓడిపోయాడు. మీ కంపెనీ న్యాయవాది మొదట తీసే తీర్పు అదే అవుతుంది, సిద్ధంగా ఉండండి. అయితే ఆ నిబంధన బిగుతు మాస్కుకే గాని, నడుముకు కట్టుకున్న చిన్న బ్లోయర్ నుంచి గొట్టం ద్వారా గాలి అందుతూ, తల మీదుగా వదులుగా భుజాల దాకా దిగే హుడ్‌కు వర్తించదు. దాని కింద గడ్డమూ ఇముడుతుంది, తలపాగా పరిమాణాన్ని బట్టి అదీ ఇముడుతుంది. ఆ హుడ్ మీ ప్లాంటులోనే ఉంది, మీరు వెళ్లాల్సిన గదిలోనే, మరొకరి తల మీద.

1964 నాటి పౌరహక్కుల చట్టం ఏడో అధ్యాయం ప్రకారం, 15 మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న యజమాని, తనకు అనుచితమైన కష్టం కలగనంత వరకు ఉద్యోగి మతాచారానికి వెసులుబాటు ఇవ్వాలి. 1977 నాటి సుప్రీంకోర్టు హార్డిసన్ తీర్పు తర్వాత నలభై ఏళ్లకు పైగా దిగువ కోర్టులు నామమాత్రపు ఖర్చు దాటినా అది అనుచితమైన కష్టమేనని చదువుకున్నాయి. భాటియా ఓడిపోయింది ఆ కాలంలోనే. 2023 జూన్ 29న గ్రాఫ్ వర్సెస్ డిజాయ్ తీర్పులో సుప్రీంకోర్టు ఆ అర్థాన్ని తోసిపుచ్చి, యజమాని తన వ్యాపారం మొత్తాన్ని బట్టి చూసినా గణనీయమైన భారం పడుతుందని చూపించాలని చెప్పింది. ఒకరికి హుడ్ ఇచ్చిన కంపెనీ, రెండోవారికి ఇస్తే గణనీయమైన భారమని ఏ ముఖం పెట్టుకుని వాదిస్తుంది? మీ రాష్ట్రంలోనే నెవార్క్ పోలీసు శాఖ చర్మవ్యాధి ఉన్నవారికి గడ్డం అనుమతించి, మతం కోసం గడ్డం పెంచిన ముస్లిం అధికారులకు నిరాకరించినప్పుడు, 1999లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అయిన థర్డ్ సర్క్యూట్ అది చెల్లదన్నది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి శామ్యూల్ అలిటో, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆయనే. అది ప్రభుత్వ శాఖపై రాజ్యాంగం కింద వచ్చిన తీర్పు కనుక ప్రైవేటు కంపెనీని నేరుగా కట్టడి చేయదు. అయినా అందులోని తర్కం మీ చేతికి అందివచ్చిన ఆయుధమే.

ఇక్కడే మీ బావగారి సలహా గురించి గట్టిగా చెప్పాలి. లేని చర్మవ్యాధికి సర్టిఫికెట్ తెచ్చుకోవడం మోసం. అది బయటపడితే ఉద్యోగం పోవడానికి కంపెనీకి న్యాయమైన కారణాన్ని మీరే రాసిచ్చినట్టవుతుంది. దానికంటే పెద్ద నష్టం మరొకటుంది. మీ గడ్డం విశ్వాసం వల్ల కాదు, పొక్కుల వల్ల అని మీ సంతకంతోనే రికార్డుకు ఎక్కుతుంది. ఆ కాగితం పెట్టిన రోజు మీకూ ఆ సహోద్యోగికీ తేడా ఉండదు. ఆ తేడాయే మీ కేసు. సర్టిఫికెట్ ఆలోచనను వాట్సాప్‌లో ఎవరితోనైనా చర్చించి ఉంటే ఆ సందేశాలను తుడిచేయకండి కూడా. సాక్ష్యాన్ని చెరిపేయడం ఇంకో తప్పు. మీ న్యాయవాదికి చూపించండి, అంతే.

జీతం తగ్గలేదు కాబట్టి కేసు ఉండదేమోనని మీరు జంకారు. 2024 ఏప్రిల్ 17న మల్‌డ్రో వర్సెస్ సెయింట్ లూయిస్ కేసులో ఆ జంకు తీరిపోయింది. బదిలీ వల్ల ఉద్యోగ షరతులలో ఏదో ఒక హాని జరిగిందని చూపితే చాలునని, అది పెద్ద హానే కానక్కరలేదని సుప్రీంకోర్టు చెప్పింది. విశ్లేషణ పని చేసే మనిషిని అట్టపెట్టెలకు నంబర్లు వేయించడానికి పంపడం హాని కాదని ఎవరూ అనలేరు. మీ పాత ఉద్యోగ వివరణ పత్రాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టండి. ఆ రెండు కాగితాలు మీ ఆరు పేజీల కంటే బాగా మాట్లాడతాయి.

మీ అజాగ్రత్త ఇంకొకటుంది. జనవరి 18న హెచ్‌ఆర్‌కు రాసిన తొలి మెయిల్‌లో గడ్డం తీయలేకపోవడానికి “వ్యక్తిగత కారణాలు” అన్నారు. మతం అన్న మాట మార్చిలో చేసిన అప్పీలులో గాని రాలేదు. మర్యాదకు పోయి అసలు మాట మింగేశారు. 2015 నాటి సుప్రీంకోర్టు అబర్‌క్రాంబీ తీర్పు మిమ్మల్ని ఆదుకుంటుందనుకుంటాను: మతాచారానికి వెసులుబాటు ఇవ్వకూడదన్న ఉద్దేశం యజమాని నిర్ణయానికి ఒక ప్రేరణ అయితే చాలు, అతనికి ఖచ్చితంగా తెలిసి ఉండనక్కరలేదని అందులో తేల్చారు. తలపాగాతో ఎదురుగా కూర్చున్న మనిషి గడ్డం ఎందుకు తీయనంటున్నాడో న్యూజెర్సీలో తెలియలేదనడం కష్టమే. 2018 నుంచి 2021 దాకా తలపాగా ధరించిన గుర్‌బీర్ గ్రేవాల్ అటార్నీ జనరల్‌గా ఉన్న రాష్ట్రం అది. కాని ఇది వాదనకు పనికొస్తుందే తప్ప, ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ వాదనే అవసరమయ్యేది కాదు.

ఇంజినీరింగ్ రోజుల్లో గడ్డం కత్తిరించుకున్న ఫొటోలు ఫేస్‌బుక్‌లో ఉన్నాయని అడిగారు. ఉండనివ్వండి. చట్టం చూసేది విశ్వాసం నిజాయితీ ఎంతని, పుట్టిన దగ్గర నుంచీ నిష్ఠ తప్పలేదా అని కాదు. 2019 నాందేడ్ సంగతిని దాచకుండా, తేదీతో సహా, అంతకు ముందు ఎలా ఉండేవారో కూడా కలిపి చెప్పండి. అమృతం స్వీకరించినప్పుడు పక్కనున్న వారెవరైనా సొంత మాటల్లో రాసి సంతకం పెడితే, ఆ ఒక్క పేజీ 140 సంతకాల కంటే బరువు.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. ఈఈఓసీ పోర్టల్‌లో ఈ వారమే విచారణ దరఖాస్తు పెట్టండి; కానీ అది పెట్టడమే ఫిర్యాదు వేయడం కాదని, సంతకం చేసిన చార్జి, అంటే అధికారిక ఫిర్యాదు పత్రం, దాఖలైతేనే గడువు లోపల ఉన్నట్టని గుర్తుంచుకోండి. ఇంటర్వ్యూ తేదీ దొరకడానికే వారాలు పట్టవచ్చు. మీకు 60 రోజుల కంటే తక్కువ మిగిలింది కనుక అలాంటి వారికోసం పోర్టల్ ఇచ్చే ప్రత్యేక సూచనల ప్రకారం నడవండి, అవసరమైతే నెవార్క్‌లోని కార్యాలయానికి స్వయంగా వెళ్లండి. మతం ఆధారంగా వివక్ష, వెసులుబాటు నిరాకరణ అని రెండూ రాయండి, జనవరి 16 తేదీ వేయండి, సహోద్యోగి హుడ్ సంగతి రాయండి. అతని వైద్య వివరాల జోలికి వెళ్లకండి. అదే గదికి బిగుతు మాస్కు లేకుండా ఒక ఉద్యోగిని అనుమతిస్తున్నారని చెబితే సరిపోతుంది. కంపెనీ బ్యాచ్ రికార్డులను ఫోన్‌తో ఫొటోలు తీయవద్దు. మీరు ఏ రోజు, ఎవరి తల మీద ఆ హుడ్ చూశారో ఇంట్లో నోటు పుస్తకంలో రాసుకోండి.

అదే రోజు హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పంపండి: “నేను అమృతధారి సిక్కును, కేశాలు కత్తిరించకపోవడం నా మతాచారం, ప్లాంటులో ఇప్పటికే వాడుతున్న వదులు హుడ్‌ను వెసులుబాటుగా కోరుతున్నాను.” దీనికి కొత్తగా నిరాకరణ వస్తే పాత గడువు పెరుగుతుందని ఆశపడకండి, పాత నిర్ణయాన్నే మళ్లీ చెప్పారని వాళ్లు వాదిస్తారు. ఈ మెయిల్ ప్రయోజనం రికార్డు కోసమే.

రాజీనామా చేయవద్దు. చేస్తే హెచ్-1బి మీద మీకు మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు. ఫిర్యాదు చేసినందుకు వేధించడం చట్టప్రకారం మరో ఫిర్యాదుకు ఆధారమవుతుంది, కాబట్టి ఫిర్యాదు తర్వాత మీ పట్ల ప్రవర్తనలో వచ్చే ప్రతి మార్పునూ తేదీతో రాసుకోండి. కొన్ని వారాల జీతం ఇస్తామంటూ విడుదల పత్రం చేతికి వస్తే, ఇంటికి తెచ్చుకోకుండా సంతకం పెట్టకండి. అందులో చివరి పేజీలో అన్ని దావాలనూ వదులుకుంటున్నానన్న వాక్యం ఉంటుంది. న్యూజెర్సీలో ఉద్యోగ వివాదాలు చూసే న్యాయవాదిని పెట్టుకోండి. ఫీజు భారమనుకుంటే, 2001లో ఏర్పడిన సిక్కు కొయెలిషన్ ఇలాంటి కేసులకు ఉచిత న్యాయ సహాయం చేస్తుంది. వాళ్లకు రాసేటప్పుడు మాత్రం ఏడు పేజీలు పంపకండి. జనవరి 16 కాగితం, జనవరి 18 మెయిల్, మార్చి అప్పీలు, ఆగస్టు 9 జవాబు, ఈ వరుసలో నాలుగు పేజీలు పెట్టి, పైన నవంబరు 11 అని ఎర్ర సిరాతో రాయండి.