పరుగు మొదలుపెట్టిన ఐదో వారంలో కాలి ఎముక నొప్పి, ఆపేయాలా?

చెల్లీ, నీ ప్రశ్న చదువుతుంటే అప్పటి నేనే కళ్ల ముందు కనబడ్డాను. మహబూబ్‌నగర్ స్టేడియం గ్రౌండులో రోజూ పొద్దున మూడు కిలోమీటర్లు ఉరుకుతున్నానన్నావు. ఇది ఐదో వారం. రెండు కాళ్లకూ మోకాలి కింద, లోపలి పక్క ఎముక వెంబడి నొప్పి. గ్రౌండులో ఒకాయన ‘నొప్పి మీదనే ఉరుకు, అదే పోతది’ అంటున్నాడు, ఇంట్లో అమ్మ ‘ఇగ బంజేయ్’ అంటోంది. ఆగస్టులో హైదరాబాద్‌లో పది కిలోమీటర్లు ఉరకాలని నీ కోరిక.

నా మాట ముందే చెప్తాను. ఇద్దరి మాటా పూర్తిగా వినకు. పరుగు మానొద్దు, కానీ ఇప్పుడు ఉరుకుతున్నట్టు రోజూ మాత్రం వద్దు. అన్నిటికంటే ముందు అది ఏ నొప్పో తేల్చుకో. నేను డాక్టర్‌ను కాను. నల్లగొండలో మా ఆయనతో కలిసి మీసేవ సెంటర్ నడుపుతాను. నా కాళ్లు నాకు నేర్పిందే రాస్తున్నాను.

2022లో నాకు ముప్పై తొమ్మిదేళ్లు, బరువు 74 కిలోలు. పొద్దున తొమ్మిదింటికి కంప్యూటర్ ముందు కూర్చుంటే మళ్లీ రాత్రి ఎనిమిదింటికే లేవడం. ఆ యేడు పిల్లలతో లతీఫ్‌సాబ్ గుట్ట ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు మెట్ల మీద కూలబడ్డాను. నా చిన్న బిడ్డ వెనక్కి దిగొచ్చి, ఏమీ అనకుండా నా చేతిలోని సంచి తీసుకుంది. ఆ కార్తీకంలోనే ఎన్జీ కాలేజీ గ్రౌండుకు పోవడం మొదలుపెట్టాను.

మొదట్లో ఒక్క నిమిషం ఉరుకుడు, రెండు నిమిషాలు నడక. ఆ ఒక్క నిమిషానికే గుండె గొంతులోకి వచ్చేది. నాలుగో వారానికి ఐదు నిమిషాలు ఆగకుండా పోగలిగాను. అప్పుడు గ్రౌండు నిండా కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారయ్యే పిల్లలే. మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి కావాలి. ఆ ఆడపిల్లలు నన్ను ‘అక్కా, నువ్వు కూడా రా’ అని పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. ఆ రోజు నాకు 5 నిమిషాల 50 సెకన్లు పట్టింది. వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంకొక్క ముప్పై సెకన్లు తగ్గిస్తే నేనూ పాసయ్యేదాన్నే కదా అనిపించింది! ఇంటికొచ్చి ఆ టైం క్యాలెండర్ మీద రాసుకున్నాను. మర్నాడు మళ్లీ, ఆ మర్నాడు మళ్లీ, వరసగా తొమ్మిది రోజులు ఆ ముప్పై సెకన్ల వెంటే పడ్డాను. పదో రోజు మంచం దిగి కాలు కింద పెట్టగానే ఎముక లోపల ఎవరో రంపం పెట్టినట్టయింది.

ఇందులో నాకు తర్వాత అర్థమైన సంగతి ఒకటుంది, నీకు అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాల్సింది అదే. గుండె, ఊపిరి నాలుగైదు వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. కండకు ఇంకొంచెం టైం కావాలి. ఎముకకూ, కండను ఎముకకు కట్టి ఉంచే పట్టీలకూ (టెండన్లు) నెలలు పడుతుంది. ఉరికేటప్పుడు ఒక్కో అడుగుకు మన బరువుకు రెండు మూడింతల భారం కాలి మీద పడుతుంది. ఆ భారానికి ఎముక తనను తాను మళ్లీ కట్టుకుంటుంది. అయితే ముందు పాత భాగాన్ని తవ్వి తీసేసి, తర్వాతే కొత్తది పోస్తుంది. ఈ పనంతా పూర్తి కావడానికి మూడు నాలుగు నెలలు. మధ్యలో ఉన్న ఎముక నిన్నటి ఎముకకంటే బలహీనం. స్లాబు పోసిన నాలుగో రోజే సెంట్రింగ్ విప్పితే ఏమవుతుందో, మనం ఐదో వారంలో కాళ్లకు చేసేది అదే. ఆయాసం తగ్గింది కదా అని దూరమో వేగమో పెంచేస్తాం. నాకు దెబ్బ తగిలింది ఒళ్లు బాగాలేని రోజున కాదు, అందరికంటే హుషారుగా ఉన్న రోజున.

నొప్పి వచ్చాక నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. దగ్గర్లో ఒక ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి నొప్పి సూది వేయించుకుని, తెల్లారి మళ్లీ గ్రౌండుకు పోయాను. సూది ప్రభావంతో నొప్పి తెలియలేదు, మూడు కిలోమీటర్లు ఉరికాను. ఆ సాయంత్రం సెంటర్ మెట్లు దిగలేకపోయాను. నొప్పి గోలీ వేసుకుని, సూది పొడిపించుకుని ఉరకడం ఎన్నటికీ చేయకు. ఆగమని చెప్పే గొంతు నొక్కినట్టే అది. పైగా ఆ మందులు వేసుకుని చెమట కారేలా ఉరికితే కిడ్నీల మీద కూడా భారం పడుతుంది.

మా అమ్మ అప్పుడు ఏడ్చింది. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ పక్క. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మనిషి. యాభై దాటకముందే నడుము వంగింది, మోకాళ్లు పూర్తిగా చాపలేదు, కింద కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి. ‘నా కాళ్లెట్లనో పోయినయ్, నీయి మంచిగున్నయ్ గదా, ఎందుకు పాడు చేసుకుంటవ్ బిడ్డా’ అంది. మా జిల్లాలో కాలు నొప్పి అంటే మొదట నీళ్లే గుర్తుకొస్తాయి, అందులో తప్పు లేదు. నాకూ లోపల అదే భయం. అందుకే ఈసారి ఎముకల డాక్టర్ దగ్గరికి పోయి, ఊరి నీళ్ల సంగతి కూడా చెప్పాను. ఫ్లోరైడ్ ఎక్కువైన ఎముక ఫొటోలో గట్టిగా కనబడినా పెళుసుగా ఉంటుందట, అందుకే చెప్పి మంచి పని చేశావన్నారు. ఎక్స్‌రే తీశారు, బాగానే ఉంది. నువ్వు కూడా అట్లాంటి బోరు నీళ్ల ఊళ్లో పెరిగి ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పు.

ఆయన చేసిన పరీక్ష నువ్వు ఇంట్లో చేసుకోగలిగిందే. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, మోకాలి కింద నుంచి చీలమండ దాకా ఎముక లోపలి అంచు మీద బొటనవేలితో జానెడు జానెడు కాదు, అంగుళం అంగుళం నొక్కుకుంటూ వచ్చారు. నాకు కింది సగంలో నాలుగైదు వేళ్ల మేర అంతటా సలుపుగా ఉంది. ‘ఇట్ల పొడుగునా ఉంటే ఎముక పై పొర వాపు, తగ్గిపోతది. ఒక్క చోట, రూపాయి బిళ్లంత జాగాలో, వేలు పెట్టగానే ఎగిరిపడేలా ఉంటే అది ఎముకలో సన్న పగులు కావచ్చు’ అన్నారు. ఒంటికాలి మీద నాలుగు గెంతులు వేయించారు. రాత్రి పడుకున్నాక కూడా నొప్పి పుడుతోందా అని అడిగారు. ఒక్క చోటే నొప్పి, గెంతలేకపోవడం, నిద్రలో సలుపు, ఈ మూడింట్లో ఏదున్నా పరుగు అక్కడే ఆపి డాక్టర్‌కు చూపించుకో. మొదట్లో సన్న పగులు మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, కాబట్టి ఎక్స్‌రే బాగుందని మొండిగా ఉరకొద్దు.

నీది నాలాంటిదే అయితే భయం లేదు. నేను రెండు వారాలు ఉరకలేదు. నడిచాను, పిల్లల సైకిల్ తొక్కాను. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక పని అప్పజెప్పింది. మెట్టు అంచు మీద ఒంటికాలితో నిలబడి, గోడ పట్టుకుని, మడమ పైకి లేపి నిదానంగా దించడం. కుడికాలితో పదహారు వచ్చాయి. ఎడమకాలితో తొమ్మిదో దానికే పిక్క వణికింది. నా ఎడమకాలికే నొప్పి ఎక్కువ ఎందుకో అప్పుడు తెలిసింది. పిక్క తీసుకోవాల్సిన భారం ఎముక మీద పడుతోందన్నమాట. రెండు కాళ్లకూ ఇరవై ఐదు రావాలంది. నాకు పది వారాలు పట్టింది. ఈ రోజుకూ సెంటర్ షట్టర్ తీయకముందు ఆ మెట్టు మీదే చేస్తాను. షూ, బెల్టు, నూనె, వేటిమీదా పెట్టని నమ్మకం నేను దీని మీద పెడతాను.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు రోజు విడిచి రోజు, మట్టి నేల మీద, ఒక నిమిషం ఉరుకు, ఒక నిమిషం నడక, అట్లా పదిసార్లు. నొప్పికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకునేదాన్ని. ఉరికేటప్పుడు మూడు దాటకూడదు, తెల్లారి మంచం దిగేసరికి నిన్నటికంటే ఎక్కువ ఉండకూడదు. ఉంటే ఆ వారం పెంచేది లేదు. వేగానికి గడియారం చూడలేదు. పక్కన ఉన్న మనిషికి ఒక ముచ్చట మొదటి నుంచి చివరిదాకా చెప్పగలిగే ఊపిరి ఉంటే అదే సరైన వేగం. చాలా నెమ్మదిగా అనిపిస్తుంది, నడిచేవాళ్లు దాటిపోతారు కూడా. పోనీ.

మడమ నొప్పి వేరే కథ. ఎనిమిదో నెలలో వచ్చింది. పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండి, పది అడుగులు నడిస్తే తగ్గేది. అరికాలి కింది పట్టీ వాపు అది. మా ఇంట్లో అన్నీ షాబాద్ బండలే, పొద్దంతా వాటి మీద వట్టి కాళ్లతో తిరగడమే దాన్ని మాననివ్వలేదు. ఇంట్లో చెప్పులేసుకుంటే మా అత్తమ్మ ఊరుకోదు. చివరికి బజారు మట్టి తొక్కని కొత్త మెత్తటి చెప్పులు ఒక జత ఇంట్లోకే కొన్నాం, పూజగది, వంటిల్లు తప్ప అంతటా వేసుకోమని ఒప్పుకుంది. రాత్రి గడ్డకట్టించిన నీళ్ల బాటిల్ మీద అరికాలు దొర్లించడం, మెట్టు మీద మడమ వ్యాయామం, మూడు నెలలకు పోయింది. చీలమండ బెణికిన ముచ్చట పొడిగించను. పసుపు సున్నం పట్టు వేస్తే వేయి, కానీ ఆ కాలి మీద నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించు, ఎవరితోనూ లాగించుకోకు.

ఒకటి మాత్రం అడగకుండా ఉండలేను. రక్తం (హిమోగ్లోబిన్) ఎంత ఉంది నీకు? నాకు అప్పట్లో 9.8 ఉండేది. ఆడవాళ్లకు 12 ఉండాలి. ఆయాసమంతా పరుగు చేతకాక అనుకున్నాను, సగం రక్తం లేక. డాక్టర్ రాసిన ఐరన్ గోలీలు మూడు నెలలు వాడాను, చాయ్‌కి గోలీకి మధ్య గంటకు పైగా ఎడం పెట్టాను, పప్పులో నిమ్మకాయ పిండుకోవడం అలవాటు చేసుకున్నాను. తేడా నాకే ఆశ్చర్యం అనిపించింది. మనలో చాలామంది ఈ పరీక్ష చేయించుకోకుండా ‘నాకు చేతకాదు’ అనుకుంటూ మానేస్తున్నారు, అదే నా బాధ.

ఎండాకాలం నీకు తెలిసిందే. మే నెలలో ఐదింటికే మొదలుపెట్టి ఆరింటికల్లా ఇంటికి చేరు, రాగానే ఉప్పేసిన సల్ల తాగు. షూ సాయంత్రం పూట కొను, అప్పుడు పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. కాలివేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంటే చాలు, ధర చూసి మోసపోకు.

నేను అన్ని ఆటంకాలతో ఐదు కిలోమీటర్లు ఆగకుండా ఉరికింది మొదలుపెట్టిన ఏడాదికి, మళ్లీ కార్తీకంలో. పానగల్ ఉదయసముద్రం కట్ట మీద, 41 నిమిషాలు. చెరువు నిండుగా ఉంది, ఛాయా సోమేశ్వరాలయానికి పోయే జనం దీపాలు పట్టుకుని నడుస్తున్నారు. అమ్మను ఆటోలో తీసుకొచ్చి కట్ట మొదట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు మా ఆయన. నేను తిరిగి వచ్చేసరికి అమ్మ నా మొహం చూడలేదు, వంగి నా కాళ్లు తడిమి చూసింది. పిక్క నుంచి మడమ దాకా. ‘గట్టిగున్నయ్’ అంది.

పది కిలోమీటర్లు హైదరాబాద్‌లో ఉరికింది ఆ తర్వాతి ఆగస్టులో, గంటా 14 నిమిషాలు. అంటే మొదటి అడుగు నుంచి ఇరవై ఒక్క నెలలు. నువ్వు నాకంటే చిన్నదానివి, అంత టైం పట్టదు. కానీ ఈ ఆగస్టుకు నాలుగు నెలలే ఉంది, అందులో మొదటి నెల కాలు మానడానికే పోతుంది. పేరు ఇచ్చేసి ఉంటే ఉరుకుతూ నడుస్తూ పూర్తి చెయ్యి, అందులో తక్కువతనం లేదు. ఇంకా ఇవ్వకపోతే ఈసారి ఐదు కిలోమీటర్లకు ఇవ్వు.

ఈ రాత్రి మంచం మీద కూర్చుని బొటనవేలితో నొక్కి చూడు. పొడుగునా ఉందా, ఒక్క చోటే ఉందా, ఎడమా కుడీ ఒకేలా ఉన్నాయా, మెట్టు మీద ఏ కాలికి ఎన్ని వచ్చాయి, ఇవి రాసి పెట్టు. నేను పొద్దున గ్రౌండు నుంచి రాగానే చూస్తాను.