కప్పు రాని మ్యాచ్‌కి పిల్లల్ని తీసుకెళ్ళాలా?

ప్రశ్న: "బిల్లీ జీన్ కింగ్ కప్‌లో రెలిగేషన్ ప్లే-ఆఫ్ అంటే ఏంటి? గెలిస్తే కప్పు రాదు, ఓడితే కిందికి దిగుతారు అంటున్నారు. అలాంటి మ్యాచ్‌లో చూడ్డానికి ఏముంటుంది? బెంగళూరులో ఉంటున్నాం, మా పాప టెన్నిస్ నేర్చుకుంటోంది. మళ్ళీ ఇక్కడ జరిగితే తీసుకెళ్ళొచ్చా?"

తప్పకుండా తీసుకెళ్ళండి. వీలైతే ఇండియా ఆడని రోజు కూడా తీసుకెళ్ళండి. 2025 నవంబర్‌లో నేనూ మా అమ్మాయీ ఆ పనే చేశాం.

ముందు అసలు సంగతి చెప్తాను. దేశాల మధ్య జరిగే మహిళల టెన్నిస్ జట్ల పోటీ ఇది, 1963లో ఫెడ్ కప్ పేరుతో మొదలైంది. 2020లో అమెరికా టెన్నిస్ దిగ్గజం బిల్లీ జీన్ కింగ్ పేరు పెట్టారు. దేశాలన్నీ మెట్ల మీద నిలబడినట్టు ఉంటాయి. పై మెట్టు మీద ఫైనల్స్, దాని కింద ఫైనల్స్‌కి ఎవరు వెళ్ళాలో తేల్చే క్వాలిఫయర్స్, ఆ కింద ఖండాల వారీగా గ్రూప్ వన్, గ్రూప్ టూ, ఇంకా కిందివి. మనది ఆసియా-ఓషియానియా. ఏడాదికోసారి కొందరు ఒక మెట్టు ఎక్కుతారు, కొందరు దిగుతారు. ఎవరు ఎక్కాలి, ఎవరు దిగాలి అని తేల్చేవే ఈ ప్లే-ఆఫ్‌లు. పద్ధతి మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒకప్పుడు ఆసియా గ్రూప్ వన్‌లో జట్లని రెండు పూల్స్‌గా, అంటే రెండు గుంపులుగా విడదీసేవాళ్ళు, అడుగున మిగిలిన జట్లు ఒకదానితో ఒకటి ఆడితే ఓడినది గ్రూప్ టూకి పోయేది. అచ్చమైన రెలిగేషన్ ప్లే-ఆఫ్ అంటే అది.

2025లో బెంగళూరులో జరిగినది కొంచెం వేరు. మొత్తం 21 దేశాల్ని మూడేసి చొప్పున ఏడు గ్రూపులు చేశారు. రెండు దేశాలు తలపడేదాన్ని టై అంటారు, అందులో రెండు సింగిల్స్, ఒక డబుల్స్. ఒక్కో గ్రూప్‌లో మొదటి జట్టుకి మాత్రమే 2026 క్వాలిఫయర్స్‌లో చోటు. మిగతా ఇద్దరూ గ్రూప్ వన్‌కే. మన గ్రూప్‌లో ఇండియా, స్లోవేనియా, నెదర్లాండ్స్. నవంబర్ 14 నుంచి 16 వరకు, కబ్బన్ పార్క్‌లోని కె.ఎస్.ఎల్.టి.ఎ. (కర్ణాటక రాష్ట్ర లాన్ టెన్నిస్ సంఘం) స్టేడియంలో.

ఇక్కడొక్క విషయం జాగ్రత్తగా చూడండి. ఇండియా ఇక్కడికి కింది నుంచి ఎక్కి వచ్చింది. ఏప్రిల్‌లో పుణెలో జరిగిన గ్రూప్ వన్‌లో న్యూజిలాండ్ తర్వాత రెండో స్థానం మనది. మన హైదరాబాద్ అమ్మాయి శ్రీవల్లి రష్మిక భమిడిపాటి అక్కడ ఆడిన ఐదు సింగిల్సూ గెలిచింది. నెదర్లాండ్స్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అదే ఏప్రిల్‌లో సొంత ఊరు హేగ్‌లో క్వాలిఫయర్స్ ఆడి, బ్రిటన్, జర్మనీల ముందు నిలవలేక ఇక్కడికి దిగి వచ్చింది. అంటే ఒకే కోర్టులో ఒక బెంచీకి, అంటే కోర్టు పక్కన కూర్చున్న ఒక జట్టుకి, అది ఎక్కే మ్యాచ్, ఎదుటి బెంచీకి పడిపోకుండా ఆగే మ్యాచ్. 2021లో ఇండియా లాత్వియాలోని యుర్మాలాకి వెళ్ళి ఆడినప్పుడూ ఇంతే. మన అంకితా రైనా లాత్వియా స్టార్ ఓస్టాపెంకో మీద మూడో సెట్ 7-5 దాకా పోరాడి ఓడింది, మనం 3-1తో ఓడి వెనక్కొచ్చాం (అప్పుడు టైకి ఐదు మ్యాచ్‌లు). మనం అది పైకి వెళ్ళే అవకాశం అని చూశాం. లాత్వియా వాళ్ళకి ఉన్న చోటు కాపాడుకోవడం.

మేముండేది హోప్‌ఫామ్ దగ్గర. మెట్రో ఎక్కితే మారకుండా నేరుగా కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగొచ్చు. ఇండియా ఆడే రోజుకి ఇంట్లో పని పడి వెళ్ళలేకపోయాం. "స్లోవేనియా-నెదర్లాండ్స్ అయినా చూద్దాం అమ్మా, ఖాళీగా ఉంటుంది, ముందు కూర్చోవచ్చు" అంది మా అమ్మాయి. దానికి పదిహేడేళ్ళు. నిజంగానే బెంచీలకి దగ్గరగా చోటు దొరికింది.

మొదట్లో నేను బంతినే చూశాను. ఒక సెట్ అయ్యాక నా చూపు నెదర్లాండ్స్ వాళ్ళ బెంచీ మీదికి పోయింది. ఆ తర్వాత అక్కడే ఉండిపోయింది. ఆడుతున్నది ఒక్కరే. కూర్చున్న వాళ్ళలో ఒకామె మాత్రం తన టవల్ అంచుని చూపుడు వేలికి చుట్టడం, పాయింట్ అయ్యాక విప్పడం, మళ్ళీ చుట్టడం. బ్రేక్ పాయింట్, అంటే సర్వ్ చేసేవాళ్ళ గేమ్ చేజారేలా ఉన్న పాయింట్, వచ్చినప్పుడు చుట్టిన వేలు అలాగే బిగబట్టి పెట్టింది, వేలి చివర తెల్లబడేదాకా. గేమ్ పోగానే ఆమే అందరికంటే ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కోర్టు మారేటప్పుడు ఆడుతున్న అమ్మాయి వచ్చి కూర్చుంటే కెప్టెన్ వంగి నెమ్మదిగా ఏదో చెప్తున్నారు. ఆ టవల్ ఆమె నీళ్ళ సీసా మూత తీసి చేతికందించింది. మాటల్లేవు.

మామూలు టోర్నీల్లో ఈ దృశ్యం కనపడదు. అక్కడ ఓడితే తన బ్యాగ్ తాను సర్దుకుని వెళ్ళిపోతుంది, వచ్చే వారం ఇంకో ఊళ్ళో ఇంకో టోర్నీ. ఇక్కడ వచ్చే వారం లేదు. ఏడాదికి ఒక్క వారం, మహా అయితే రెండు. ఆ వారంలో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి భుజం పట్టేసినా, జట్టంతా ఇంకో ఏడాది కింది మెట్టు మీదే. చివరికి గ్రూప్ స్లోవేనియా గెలిచింది. ఇండియా, నెదర్లాండ్స్ రెండూ గ్రూప్ వన్‌కి వెళ్ళాయి.

ఆ టవల్ చూసి నాకు గొంతు పట్టేయడానికి వేరే కారణం ఉంది. మా వైపు కొన్ని అపార్ట్‌మెంట్ల ఆడవాళ్ళకి ఒక టీమ్ లీగ్ ఉంది, రెండు డివిజన్లు. రెండేళ్ళ కిందట మేం పై డివిజన్‌లో చివర మిగిలాం. కింది డివిజన్‌లో రెండో స్థానం వచ్చిన వాళ్ళతో ప్లే-ఆఫ్ పడింది. ఇదే ఫార్మాట్, రెండు సింగిల్స్, ఒక డబుల్స్. సింగిల్స్ చెరొకటి. డబుల్స్‌లో నేనూ మా అమ్మాయీ. మూడో సెట్ బదులు పది పాయింట్ల టై-బ్రేక్, 8-9 మీద సర్వ్ నాది. మొదటి సర్వ్ నెట్‌కి తగిలింది. మా అమ్మాయి వెనక్కొచ్చి "అమ్మా, మెల్లగా వేసినా పర్లేదు, లోపల పడితే చాలు, మిగతాది నేను చూసుకుంటా" అంది. రెండో సర్వ్‌లో బంతి గీత దాటి బెత్తెడు బయట పడింది. పాయింటూ పోయింది, మ్యాచ్ కూడా.

నాకు బాధ కలిగించింది ఆ డబుల్ ఫాల్ట్ ఒక్కటే కాదు. కిందికి దిగిన ఏడాది మా టీమ్‌లో బాగా ఆడే ఇద్దరు వేరే టీమ్‌కి వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పేమీ లేదు, గట్టి వాళ్ళతో ఆడాలని ఉంటుంది కదా. కొత్తగా చేరాలనుకున్న ఒకామె "కింది డివిజనా?" అని ఆగిపోయింది. దిగడానికి ఒక్క పాయింట్ చాలు, మళ్ళీ టీమ్ కట్టుకోవడానికి మాకు ఏడాది పట్టింది. దేశాల స్థాయిలోనూ జరిగేది ఇదే అని నాకు అప్పుడు అర్థమైంది. పై మెట్టు మీద ఉంటే ర్యాంకుల్లో ముందున్న వాళ్ళతో ఆడే అవకాశం దొరుకుతుంది. సొంత ఊళ్ళో టై పెట్టుకుంటే పిల్లలు వచ్చి చూస్తారు. దిగితే ఆ తలుపు మూసుకుంటుంది.

అందుకే ఎక్కిన రోజుల్ని కూడా మర్చిపోకూడదు. 2015 ఏప్రిల్‌లో ఇండియా గ్రూప్ టూలో ఉంది. ఆ పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి. సానియా మీర్జా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయిన వారమే అది. ర్యాంకు వచ్చిన ఊపులో విశ్రాంతి తీసుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. ఆమె ఇంటికొచ్చి కింది గ్రూప్‌లో ఆడింది. ఫిలిప్పీన్స్‌ని ఓడించి ఇండియా గ్రూప్ వన్‌కి ఎక్కింది. ఆ మెట్టు ఎక్కకపోతే 2020లో దుబాయ్‌లో గ్రూప్ వన్‌లో రెండో స్థానం, ఆ తర్వాత లాత్వియా టై, ఇవేవీ ఉండేవి కావు. చాలామందికి సానియా అంటే గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్ళే గుర్తు. నాకు మాత్రం ఆ వారమే ముందు గుర్తొస్తుంది.

ఒక్కరు బాగా ఆడితే సరిపోదా అని మీరు అడగొచ్చు. సరిపోదు. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీలో అంకితా రైనా 253వ ర్యాంకులో ఉండి 81వ ర్యాంకు కజకిస్తాన్ ప్లేయర్ యులియా పుతిన్‌త్సేవాని ఓడించింది. అయినా ఆ టై కజకిస్తాన్‌దే. ఒక సింగిల్స్ మనది, ఇంకో సింగిల్స్, డబుల్స్ వాళ్ళవి. అందుకే ఈ పోటీలో డబుల్స్ జోడీకి అంత విలువ. మామూలు టోర్నీల్లో డబుల్స్ మొదలయ్యేసరికి స్టాండ్స్ ఖాళీ అయిపోతాయి. ఇక్కడ స్కోరు 1-1 అయితే మీరు లేవలేరు.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలీదు. మూడు జట్ల గ్రూప్‌లో ఒక టై 2-0 అయిపోయినా డబుల్స్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. మూడు జట్లూ ఒక్కో టై గెలిస్తే, ఎవరు ఎన్ని మ్యాచ్‌లు గెలిచారు, అదీ సమానమైతే ఎన్ని సెట్లు, ఎన్ని గేమ్‌లు అని లెక్క చూస్తారు. అయిపోయిందనుకున్న డబుల్స్‌లో గెలిచిన ఒక సెట్టే చివరికి జట్టుని నిలబెట్టొచ్చు. మీ పాపకి ఈ లెక్క ముందే చెప్పి తీసుకెళ్ళండి, రెండింతలు ఆసక్తిగా చూస్తుంది.

మొదటి సింగిల్స్‌లో రెండు జట్ల రెండో ర్యాంకు అమ్మాయిలు ఆడతారు, తర్వాత మొదటి ర్యాంకు వాళ్ళు, చివర డబుల్స్. నా అనుభవంలో అసలు టెన్షన్ మొదటి మ్యాచ్‌లోనే కనపడుతుంది. పేరున్న ప్లేయర్ ఇంకా రాలేదు, బరువంతా ఎక్కువమందికి పేరు తెలియని అమ్మాయి మీద ఉంటుంది. ఆలస్యంగా వెళ్తే అది పోతుంది.

కూర్చునేటప్పుడు బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక కాకుండా బెంచీలు కనపడే పక్క చూసుకోండి. మూడు మ్యాచ్‌లూ పూర్తయ్యేసరికి ఆరేడు గంటలు పట్టొచ్చు, కాబట్టి పాపకి ఇంట్లోనే కడుపునిండా పెట్టి బయల్దేరండి, టోపీ మర్చిపోవద్దు. నవంబర్ అయినా మధ్యాహ్నం ఎండ మొహం మీదే కొడుతుంది. ఇండియా ఆడే రోజుకి టికెట్ సంగతి ముందే కనుక్కోండి. మిగతా రోజుకి మాకైతే నడుచుకుంటూ వెళ్ళినా చోటు దొరికింది.