‘గేరు మార్చడం’ ఎన్ని రకాలు?

సందేహం: పాత అంబాసిడర్ గేర్‌బాక్సును ఇంటి షెడ్డులోనే విప్పి బాగుచేసుకునే పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. ‘గేరు’ అనాలా, ‘దంతచక్రం’ అనాలా, ‘పంటిచక్రం’ అనాలా? ‘మూడవ గేరు మార్చవలెను’ అని రాస్తే చదివిన మిత్రుడు ‘బండి నడుపుతూనా?’ అని నవ్వాడు. ‘గేర్‌బాక్సు మరమ్మత్తు’ అన్న శీర్షిక సరైనదేనా? రాసినంత వరకు రాతప్రతి కూడా పంపుతున్నాను, చూసి చెప్పండి.

సమాధానం: ముందు శీర్షికలో ఒక తకారం తగ్గించండి. ‘మరమ్మతు’ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాట. అందులో మత్తు లేదు.

‘గేరు’ అనే రాయండి. కారు, బస్సుల్లాగే ఇదీ చివర ఉకారం తగిలించుకుని గేర్లు, గేర్లకు, గేరులో అంటూ మన విభక్తులన్నిటికీ లొంగింది. గేరు, ఆయిలు కలిసి ‘గేరాయిలు’ కూడా అయ్యాయి. అరువు మాటకు ఉత్వసంధి జరిగిందంటే అది ఇంట్లో మనిషైపోయినట్టే. ‘దంతచక్రం’ తప్పు కాదు, బడి పాఠంలో బాగుంటుంది. షెడ్డులో గ్రీజు చేతులతో మీ కాగితం తిరగేసేవాడికి మాత్రం అక్కర్లేదు. ‘పంటిచక్రా’నికి వ్యాకరణం అడ్డు చెప్పదు. కన్ను–కంటి లాగే పన్ను–పంటి. కానీ వినగానే పంటి వైద్యుడు గుర్తొస్తాడు.

గేరుకు ఉండేవి మాత్రం పళ్లే. అవి అరుగుతాయి, చిట్లుతాయి, ఊడతాయి. ఏకవచనంలో రాసేటప్పుడు చూసుకోండి. ‘గేరు పన్ను చూడండి’ అంటే రవాణా శాఖవారు కొత్తగా వేసినదేమో అనిపిస్తుంది. ‘గేరు పన్ను విరిగింది’ అంటే ఆ పేచీ లేదు, క్రియే అర్థం తేల్చేస్తుంది.

అసలు చిక్కు కూడా క్రియల్లోనే ఉంది. మెకానిక్కుల మాటలో గేరు అంటే చక్రమూ అవుతుంది, బండి నడిచే స్థానమూ అవుతుంది. ‘మార్చు’కూ రెండర్థాలే. ‘కొత్త గేరు వేయాలి’ అని దిద్దుకున్నా తప్పించుకోలేరు, డ్రైవరు వేసేదీ గేరే కదా! కాబట్టి వేయడం, మార్చడం, తీయడం డ్రైవరుకు వదిలేయండి. పనిమంతుడి క్రియలు వేరు: షాఫ్టుకు గేరు ఎక్కించాలి, హబ్బుకు (నడిమి చక్రానికి) స్లీవు (పై తొడుగు) తొడగాలి, బోల్టు బిగించాలి.

విప్పేటప్పుడూ అంతే. మీరు పంపిన పేరాలో ‘ఊడగొట్టి’ నాలుగు చోట్ల ఉంది. ఆ మాట చదివినవాడు సుత్తి అందుకుంటాడు. మూత విప్పాలి, సర్‌క్లిప్పు (భాగాలు జారకుండా పట్టి ఉంచే రింగు) ఊడదీయాలి, బేరింగును పుల్లరుతో లాగాలి. సుత్తితో కొడితే దెబ్బ గోళీల మీదుగా దిగి, అవి నడిచే దారిలో గుంటలు పడతాయి. తర్వాత ఆ బేరింగు మూలుగుతూనే ఉంటుంది. లే షాఫ్టును (మెయిన్ షాఫ్టుకు కింద సమాంతరంగా ఉండే పక్క ఇరుసును) బయటికి నెట్టినప్పుడు దాని మీది లే గేరు (గేర్ల గుత్తి) బాక్సు అడుగుకు ‘దిగుతుంది’, మీరు రాసినట్టు ‘పడిపోదు’. మెయిన్ షాఫ్టు బయటికి రావడానికి చోటు దొరికేది దానివల్లే. అసలు షాఫ్టు కన్నా కాస్త సన్నగా, లే గేరు పొడవుకు మించకుండా కోసిన కడ్డీని షాఫ్టు వెనకే నెడుతూ వస్తే లోపలి సూది రోలర్లు చెదరవు. దీన్ని ‘నకిలీ ఇరుసు’ అన్నారు మీరు. ‘డమ్మీ షాఫ్టు’ అనండి, దుకాణంలో అడిగినా అర్థమవుతుంది.

సింక్రో (గేరు పడేముందు గేరు, షాఫ్టుల వేగాన్ని కలిపే ఏర్పాటు, సింక్రోమెష్) స్లీవు దగ్గర ‘జారు’, ‘జరుపు’ కలగాపులగం చేశారు. స్లీవును జరపాలి, జారనివ్వకూడదు. జారితే స్ప్రింగుల మీద కూర్చున్న మూడు గోళీలూ షెడ్డు మూలలకు ఎగిరిపోతాయి. హబ్బుకూ స్లీవుకూ ఎదురెదురుగా ఒక గీత పెట్టుకుని, గుడ్డలో చుట్టి జరపమని రాయండి.

లోపాల పట్టికలో అన్నిటికీ ‘గేరు సమస్య’ అని ఒకే పేరు పెట్టారు. మామూలుగా జనం అనే మాటల్లోనే రోగనిర్ధారణ ఉంది. ‘గేరు పడటం లేదు’ వేరు, ‘పడుతోంది కానీ నిలవడం లేదు’ వేరు. ఇంజను ఆపి ఉన్నప్పుడు అన్ని గేర్లూ పడి, నడుస్తున్నప్పుడు పడకపోతే బాక్సు జోలికే వెళ్లొద్దు, క్లచ్ పూర్తిగా ‘వదలడం’ లేదు. (క్లచ్ ‘పట్టడం’ లేదంటే అది దీనికి సరిగ్గా ఎదురు జబ్బు.) ఆపి ఉన్నా పడకపోతే ముందు స్టీరింగు కింది గేరు రాడ్డు నుంచి బాక్సు దాకా వెళ్లే లింకుల బుష్షులు చూడాలి. పడిన గేరు నిలవకపోతే అప్పుడు బాక్సు విప్పాలి: సెలెక్టరు రాడ్డును (గేరు మార్చేటప్పుడు జరిగే కడ్డీని) పట్టి ఉంచే గోళీ వెనక స్ప్రింగు నీరసించిందా, స్లీవు పళ్ల అంచులు గుండ్రబడ్డాయా, బేరింగుకు ఆట (వదులు) ఎక్కువైందా? ఇక ఒకటో గేరు కరకరలాడితే ‘సింక్రో పోయింది’ అని రాశారు. పాత నాలుగు గేర్ల అంబాసిడర్‌లో ఒకటో గేరుకు సింక్రోమెష్ ఉంటేగా పోవడానికి! బండి పూర్తిగా ఆగాక వేయమనండి, చాలు.

గేరాయిలు గురించి ‘ఏదైనను పోయవచ్చును’ అన్నారు. ఆ ‘వచ్చును’తో పాటు ‘ఏదైనా’నూ కొట్టేయండి. జీఎల్-5 తరగతి గేరు నూనెల్లో కొన్నింటిలోని గంధకపు మందులు సింక్రో రింగుల ఇత్తడిని తినేస్తాయి. మాన్యువల్లో ఉన్న గ్రేడే రాయండి.

చివరి అధ్యాయం పేరు ‘గేర్‌బాక్సు మార్పులు’. లోపల ఉన్నది మాత్రం పాత బాక్సు తీసేసి, 1990ల్లో ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్ల అయిదు గేర్ల బాక్సు పెట్టడం. ఉన్నదాన్ని సవరిస్తే మార్పు, ఒకటిచ్చి ఇంకొకటి తెచ్చుకుంటే మార్పిడి. మీది మార్పిడి. దానికోసం చేయాల్సిన మార్పులు వేరే ఉన్నాయి, అవి మీ అధ్యాయంలో లేవు: బెల్ హౌసింగు (క్లచ్‌ను కప్పే గంట ఆకారపు డొప్ప) బోల్టు కన్నాలు కలుస్తాయా, క్లచ్ ప్లేటు లోపలి గాడులు కొత్త షాఫ్టుకు సరిపోతాయా, వెనక చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లరు షాఫ్టు పొడవెంత ఉండాలి, స్పీడోమీటరు తీగ ఎక్కడ తగిలించాలి.

మీ మిత్రుడు నవ్విన వాక్యాన్ని ఇలా తిరగరాయండి: ‘మూడో గేరు పళ్లు చిట్లితే షాఫ్టుకు కొత్త గేరు ఎక్కించాలి. దానితో కలిసి తిరిగే లే గేరు పళ్లు కూడా చూసి, అవీ దెబ్బతింటే లే గేరు కొత్తది తెచ్చుకోవాలి.’