జూలో సగం చూడకముందే పిల్లలు ఏడుస్తుంటే

మూడేళ్లు, ఐదేళ్ల పిల్లలు హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో పదకొండుకల్లా ఏడుపు మొదలుపెట్టారంటే కారణం దాదాపుగా నడకే, ఎందుకంటే అది 380 ఎకరాలు, పెద్దవాళ్లకే కాళ్లు పీకుతాయి.

1. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో గేటు తెరిచే వేళకే వెళ్లండి, ఎండెక్కితే జంతువులు కూడా నీడకి చేరి పడుకుంటాయి.

2. చాలామంది వదిలేసేది ఇదే: బ్యాటరీ బండి టికెట్ లోపలికి వెళ్లగానే తీసుకోండి. అలిసిపోయాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి క్యూ పెరుగుతుంది, చిన్నదాన్ని ఎత్తుకుని ఆ క్యూలో నిలబడటం చాలా కష్టం. ముందు బండిలో ఓ చుట్టు తిరగండి, తర్వాత వాళ్లు అడిగిన రెండు మూడు చోట్లకే నడిపించండి.

3. ఆకలి అనకముందే ఏదో ఒకటి తినిపించండి.

పిల్లలు అలిసిపోతే సఫారీ ఇంకోసారి వచ్చినప్పుడు చూడొచ్చు.