రిమ్ వంగిందా, పగిలిందా? క్లెయిమ్ లెక్క అక్కడే తేలుతుంది

ప్రశ్న: మాది మూడేళ్ల కారు. గుంతలో పడి ముందు ఎడమ చక్రం 17 అంగుళాల అల్లాయ్ రిమ్ లోపలి అంచు వంగింది. వేగం 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది, రెండు రోజులకోసారి గాలి కొట్టించాల్సి వస్తోంది. టైరు పక్కన ఉబ్బు కూడా వచ్చింది. ఒక షాపులో బెండ్ తీస్తామన్నారు, ఇంకోచోట నాలుగు రిమ్ములూ మార్చెయ్యమన్నారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలా, సొంతంగా పెట్టుకోవాలా? అత్యవసర నిధి ముట్టుకోవాలంటే భయంగా ఉంది. కార్డు మీద వాయిదాల్లో కడితే నయమా?

జవాబు: ముందు టైరు సంగతి. ఆ ఉబ్బు ఉన్నచోట సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) లోపలి దారాలు తెగిపోయాయి. గాలిని ఆపుతున్నది పైనున్న రబ్బరు ఒక్కటే. దానికి ప్యాచ్ ఉండదు, రిపేరు ఉండదు. ఈరోజే స్టెప్నీ వేసుకోండి. డబ్బు లెక్క ఎటు తేలినా ఈ ఒక్క టైరు ఖర్చు తప్పదు, దాన్ని వాయిదా వేయొద్దు.

ఇక రిమ్. మీరు పంపిన కొటేషన్లు, పాలసీ కాగితం చూశాను. కొత్త రిమ్ ధర 100 అనుకుని మిగతావన్నీ ఆ లెక్కలోకి మార్చి చెబుతాను. అప్పుడు ఏ కారుకైనా ఎవరైనా తమ అంకెలు పెట్టి చూసుకోవచ్చు. బెండ్ తీయడానికి 25, టైరుకు 56, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి 9. సొంతంగా పెట్టుకుంటే మొత్తం 90.

క్లెయిమ్ చేస్తే? మీ పాలసీలో టైరుకు సగమే ఇస్తారు, అంటే 28. బెండ్ తీసిన 25 ఇస్తారు. అలైన్‌మెంట్ ఖర్చు ఇవ్వరు. ఈ 53లో మీ వాటాగా కట్టాల్సిన డిడక్టబుల్ 15 పోతే చేతికొచ్చేది 38. ఇటు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. మీ రెన్యువల్ కాగితం ప్రకారం వచ్చే ఏడు ప్రీమియం 30 ఎక్కువ, ఆపై ఏడు 20, మూడో ఏడు 10. మొత్తం 60. ముప్పై ఎనిమిది కోసం అరవై పోగొట్టుకోవడం అన్నమాట. చాలామంది మొదటి ఏడాది పెరుగుదల ఒక్కటే చూసి క్లెయిమ్ లాభమనుకుంటారు. బోనస్ మళ్లీ పాత మెట్టు ఎక్కేదాకా పడే నష్టమంతా కలిపితేనే అసలు అంకె.

అదే రిమ్ పగిలి ఉంటే లెక్క తిరగబడుతుంది. కొత్త రిమ్ 100లో మీ పాలసీ తరుగుదల కింద 10 కోస్తుంది. 90కి టైరు 28 కలిపి, 15 తీసేస్తే 103 వస్తుంది. ప్రీమియంలో పోయే 60 కన్నా 43 ఎక్కువ. అప్పుడు తప్పకుండా క్లెయిమ్ చేయండి. బోనస్ పోకుండా కాపాడే యాడ్ ఆన్ తీసుకుని ఉంటే బెండ్‌కు కూడా క్లెయిమ్ చేయొచ్చు. కానీ ఏడాదికి ఎన్ని క్లెయిములకు అది వర్తిస్తుందో చూసుకోండి.

అందుకే బెండ్ తీయించడానికి ముందు పగులు పరీక్ష చేయించండి. టైరు విప్పి, రిమ్ లోపలి వైపు బాగా కడిగి, సన్నటి పగుళ్లలోకి చొచ్చుకుపోయే ఎర్రరంగు ద్రవం పూస్తారు. కాసేపు ఉంచి తుడిచేసి, పైన తెల్లటి డెవలపర్ కొడతారు. పగులుంటే తెల్లటి పొర మీద ఎర్రటి గీత వెంట్రుకలా తేలుతుంది. సబ్బు నీళ్లు పోసి బుడగలు చూడటం గాలి ఎక్కణ్ణుంచి పోతోందో చెబుతుంది గానీ పగులు లేదని తేల్చదు. వంగిన అంచు దగ్గర టైరు సరిగా కూర్చోకపోయినా అవే బుడగలు వస్తాయి. ఈ పరీక్ష వెంటనే చేయించండి, ఎందుకంటే క్లెయిమ్ చేసేట్టయితే ఇన్సూరెన్స్ వాళ్లకు ఆలస్యం లేకుండా చెప్పాలి. సర్వేయర్ చూసేదాకా ఏదీ మార్చొద్దు, పాత టైరు పారేయొద్దు. గుంత, చక్రం, ఉబ్బు ఫోటోలు తీసి ఉంచండి.

పగులు తేలితే వెల్డింగ్ చేస్తామంటారు. ఒప్పుకోకండి. పగులు లేకుండా లోపలి అంచు మాత్రమే వంగితే బెండ్ తీయించవచ్చు. స్పోకులకు దూరంగా ఉండే అంచు కాబట్టే అది ముందు వంగుతుంది, బయటినుంచి కనపడదు కూడా. స్పోకు దగ్గర వంగినా, అదే చోట ఇదివరకే ఒకసారి బెండ్ తీసినా మార్చడమే మంచిది.

పనిచేసే చోట టార్చితో కాల్చి సుత్తితో కొడుతుంటే ఆపేయండి. ఇనుములా అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు. ఎంత వేడెక్కిందో కంటికి తెలియదు. ఫ్యాక్టరీలో వేడి ప్రక్రియతో వచ్చిన గట్టిదనం అక్కడ పోతుంది, తర్వాతి గుంతకు అదే చోట విరుగుతుంది. హైడ్రాలిక్ జాక్‌తో మెల్లగా నొక్కి, డయల్ గేజ్ (రిమ్ ఎంత ఊగుతోందో ముల్లుతో చూపే మీటరు) పెట్టి చూసుకుంటూ చేసే చోటే ఇవ్వండి. పని అయ్యాక చక్రాన్ని తిప్పి గేజ్ ముల్లు ఎంత ఊగుతోందో చూపించమనండి. అనుమతించే ఊగు సాధారణంగా సుమారు ఒక మిల్లీమీటరు. మీ కారుకు సరైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇది చూపించకుండా బరువులు అంటించి వణుకు తగ్గిందంటే నమ్మొద్దు. ఒక్క చక్రానికి వంద గ్రాముల దాకా బరువులు పడుతున్నాయంటే బెండ్ ఇంకా అలాగే ఉందని అనుమానించాలి.

నాలుగు రిమ్ములూ మార్చాల్సిన పనే లేదు. ఒక్కటి మార్చాల్సి వచ్చి సెకండ్ హ్యాండ్ కొంటే, రిమ్ వెనక పోతపోసిన వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ మధ్యగీత నుంచి హబ్‌కు ఆనే ముఖం దూరం) అంకెలు (ఉదాహరణకు వెడల్పు 7జె, ఆఫ్‌సెట్ ఈటీ 45), బోల్టుల మధ్య దూరం, మధ్య రంధ్రం మీ పాతదానితో సరిపోవాలి. లోడ్ రేటింగ్ (మోయగల బరువు) తగ్గకూడదు. డబ్బిచ్చే ముందు బ్యాలెన్సింగ్ మెషిన్ మీద తిప్పించి చూడండి.

అలైన్‌మెంట్ దగ్గర పొదుపు చేయకండి. తొమ్మిది మిగుల్చుకుంటే యాభై ఆరు పెట్టి కొన్న టైరు ఒక పక్క అరిగిపోతుంది. ముందు, తర్వాత రీడింగుల ప్రింటు తీసుకోండి. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేశాక కూడా క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పక్కకు వాలే కోణం) ఎడమకీ కుడికీ బాగా తేడా చూపిస్తే, చక్రాన్ని బండికి పట్టి ఉంచే స్ట్రట్ గానీ కంట్రోల్ ఆర్మ్ గానీ వంగి ఉండవచ్చు. అప్పుడు బిల్లు పెరుగుతుంది. క్లెయిమ్ లెక్క మళ్లీ వేయాలి. కాబట్టి వీలైతే పగులు పరీక్ష రోజే కింద భాగాలూ చూపించండి.

డబ్బు ఎక్కణ్ణుంచి అంటే, అత్యవసర నిధి నుంచే తీయండి. ఉబ్బిన టైరుతో బండి నడపకుండా ఆపడం కన్నా అత్యవసరం ఏముంటుంది? మూడు నెలల్లో నెలకు 30 చొప్పున మళ్లీ నింపేయండి. కార్డు వాయిదాల మీద వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు పడతాయి. వడ్డీ లేదన్నచోట నగదుకు ఇచ్చే తగ్గింపు పోతుంది. తర్వాత బండికి విడిగా ఒక ఖాతా పెట్టండి. నాలుగు టైర్ల ధరను 48తో భాగించి నెలనెలా అందులో వేయండి. టైర్లు నాలుగేళ్లు వస్తాయనుకుని వేసిన లెక్క అది, మీరు ఎక్కువ తిరిగితే 36తో భాగించండి.

ఇలాంటి దారిలోనే రోజూ తిరగాలంటే ఒక ఆలోచన. 215/50 ఆర్17 టైర్లున్న కారుకు 215/55 ఆర్16 (అంగుళం చిన్న రిమ్, ఎత్తైన టైరు) వేస్తే సైడ్‌వాల్ సుమారు 107 నుంచి 118 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, మొత్తం వ్యాసంలో తేడా 4 మిల్లీమీటర్లే. దెబ్బ రిమ్ దాకా చేరడం తగ్గుతుంది. అయితే కంపెనీ మీ మోడల్‌కు ఆ సైజు ఒప్పుకోవాలి, చిన్న రిమ్ లోపల బ్రేక్ క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పట్టాలి, ఇన్సూరెన్స్‌కు చెప్పాలి. ఇందుకోసం ఇప్పుడే సెట్టంతా కొనొద్దు, టైర్లు అరిగి మార్చే రోజున చూడండి. అప్పటిదాకా చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోండి. గాలి తక్కువైతే గుంత అంచు టైరును నలిపి నేరుగా రిమ్‌కు తగులుతుంది.

చక్రం బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (నట్లను కొలిచిన బిగువుకే బిగించే పానా) వాడమనండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి చూపించండి.